వంతెన మీద ఆగే బండి

ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. చెవులు పెద్దవని కాదు. మామూలు చెవులే, ఒకదాని మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉంటుంది. ఎవరైనా మోటార్‌సైకిల్ తెచ్చి ఆయన షెడ్డు ముందు ఆపితే, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుంటాడు. అంతసేపూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. కళ్ళు తెరిచాక ఒకే ఒక్క మాట చెబుతాడు. బేరింగ్ పోయిందనో, చైను వదులైందనో. ఆ మాట తప్పడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. బండి తెచ్చినవాడు పాపం తన కష్టం చెప్పుకోబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "బండే చెబుతుందిలెండి" అంటాడు. ఇలాంటివాళ్ళకి బయట గౌరవం ఎక్కువ, ఇంట్లో ఓపిక పట్టేవాళ్ళు ఎక్కువ.

ఆయనకి ఇంకో పట్టింపు కూడా ఉంది. బండి లోపలికి రాగానే దాని మీదున్న తొడుగులు, సంచులు, తగిలించిన బొమ్మలు, అన్నీ ఊడదీసి, దులిపి, మడతపెట్టి గూట్లో పెట్టిస్తాడు. రోగి చొక్కా విప్పకుండా డాక్టరు చూస్తాడా అని ఆయన వాదన. పని పూర్తయ్యాక ఆ తొడుగులన్నీ తన చేత్తోనే మళ్ళీ వేసి, తాళంచెవి చేతికిస్తాడు. తొడుగు వేశాడంటే బండి బాగైనట్టే లెక్క. ఈ పద్ధతిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చక్కటి పద్ధతి. ఆయన కూతుర్ని చంపబోయింది ఆ చక్కటి పద్ధతే.

కూతురు నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, కట్లు మార్చి, సూదిమందులు ఇచ్చి వచ్చే ఉద్యోగం. ఆమె చూసే ఇళ్ళు ఎక్కువగా నది అవతల ఉన్నాయి. అవతలికి బస్సు పొద్దున ఒకసారి వెళితే మళ్ళీ సాయంత్రమే. అందుకని కొత్త మోటార్‌సైకిల్ కొనుక్కుంది. షోరూములో బారులు తీరిన బళ్ళన్నిటినీ తండ్రి ఒక్కొక్కటిగా స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ ఆనించి విని, ఇదీ అని వేలు పెట్టి చూపించిన బండి అది. షోరూము వాళ్ళు నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

బండి ఇంటికొచ్చిన రోజున ఆకాశం మబ్బుపట్టి ఉంది. ట్యాంకులోకి ఒక్క నీటిచుక్క దిగినా ఇంజిన్ తంటా పెడుతుందని మేస్త్రీ భార్యని పిలిచాడు. ఆమె ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని సీటు కవర్లు, సంచులు కుడుతుంది. ట్యాంకుకి తొడుగు కుట్టు, చుక్క నీళ్ళు దిగకూడదు, అని చెప్పాడు. ఆమె ట్యాంకు చుట్టూ టేపు పెట్టి కొలిచింది. దళసరి రెక్సిన్, లోపల స్పాంజి, పెట్రోల్ మూత మీదికి వంగే ఒక రెక్క, ఆ రెక్కని అదిమి పట్టడానికి చుట్టూ ప్రెస్ బొత్తాలు. కూతురి కోసం కుట్టింది కదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టింది. తొడుగు ట్యాంకుకి చర్మంలా అతుక్కుంది. నా చొక్కా ఒక్కటైనా ఇంత కొలతగా కుట్టావా అని మేస్త్రీ వెక్కిరించాడు. నీ పొట్ట ట్యాంకులా ఒకచోట నిలబడితే కుట్టేదాన్నే అని ఆమె అంది.

వారం తిరగకుండానే కూతురు ఒక సాయంత్రం షెడ్డుకొచ్చి బండి స్టాండు వేసింది. మొహం వాడిపోయి ఉంది.

"నాన్నా, బండి వంతెన మీద ఆగిపోయింది. ముందు కాస్త ముక్కింది, తర్వాత ఉసూరుమంది. పెట్రోల్ అయిపోయిందేమోనని మూత తీసి చూశాను. సగం దాకా ఉంది. మళ్ళీ మూత పెట్టి కిక్ కొడితే..."

మేస్త్రీ చెయ్యి అడ్డం వచ్చింది. పెట్రోల్ ఉంది కదా, ఇంక ఆ గొడవ వదిలెయ్, బండే చెబుతుందిలే, అన్నాడు. తొడుగు ఊడదీసి, మడతపెట్టి గూట్లో పెట్టి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

బండి ఏమీ చెప్పలేదు. ఇంజిన్ నిద్రపోయే పిల్లిలా గురగురమంటోంది. ఆయన దాన్ని వంతెన దాకా తోలి, దాటి, మళ్ళీ దాటి వచ్చాడు. ఒక్క తడబాటు లేదు. కొత్త ఇంజిన్ ఇంకా బిగువుగా ఉంది, నలిగితే అదే సర్దుకుంటుంది, అని తేల్చి, తొడుగు వేసి, తాళంచెవి ఇచ్చాడు.

రెండోసారీ వంతెన మీదే ఆగింది. ఊళ్ళో ఎన్ని సందులు తిరిగినా బుద్ధిగా ఉండి, ఎక్కడా ఆగకుండా సాగే ఆ నది దారి పట్టాకే పేచీ పెడుతుంది. మేస్త్రీ ప్లగ్గు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. బ్యాటరీ వైర్లు లాగి చూశాడు. చివరికి పెట్రోల్ మూతకుండే గాలి రంధ్రాన్ని కూడా వదల్లేదు. పెట్రోల్ కిందికి దిగుతుంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే ట్యాంకు బిగదీసుకుని ఇంజిన్‌కి చుక్క వదలదు. ఆ రంధ్రంలో నోటితో ఊది చూశాడు. గాలి హాయిగా ఆడుతోంది. చేసిన పనికి తృప్తిపడి వంతెన మీదికి తోలుకెళ్ళాడు. ఆగలేదు. తిరిగొచ్చి తొడుగు వేశాడు.

మూడోసారి ఆగాక షోరూముకి పంపించాడు. వాళ్ళు ఒకరోజంతా ఉంచుకుని, తొడుగు తీసి, కడిగి, మెరిపించి, తోలి చూసి, లోపమేమీ లేదని తిరిగిచ్చారు. ఆ మాటతో మేస్త్రీ మనసులో ఒక పురుగు దూరింది. తను తోలితే ఆగదు, షోరూము వాళ్ళు తోలితే ఆగదు. కూతురు తోలితేనే ఆగుతుంది. అలాంటప్పుడు లోపం ఎక్కడుంటుంది? ఆ రాత్రి భోజనాల దగ్గర, ఎటో చూస్తూ, కొంతమంది తెలియకుండానే క్లచ్ సగం పట్టుకుని తోలుతుంటారనీ, వంతెన మీద గాలికి భయపడి యాక్సిలేటర్ వదిలేస్తుంటారనీ అన్నాడు.

కూతురు కంచం ముందు నుంచి లేవలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి మాత్రం ఆగింది.

"ఇంజిన్ గొణిగినా వింటావు. నేను అరిచినా వినవు," అంది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? తల్లి ఇద్దరి మధ్యా నీళ్ళ చెంబు పెట్టింది.

తర్వాత వచ్చిన బుధవారం కూతురు బండిని నడిపించుకుంటూ వచ్చింది. వెనక లైటు పగిలిపోయి ఉంది. మడ్‌గార్డు లోపలికి వంగిపోయి ఉంది. షెడ్డులో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె నీళ్ళు అడిగి, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగింది. వంతెన మధ్యలో బండి ఆగిందట. వెనకే లారీ. బ్రేకు వేశాడు కాబట్టి తగిలీ తగలనట్టు తగిలింది. డ్రైవరు దిగొచ్చి తిట్టలేదట, ఒళ్ళంతా తడిమి చూసుకోమ్మా అని తనూ వణికాడట. ఇంత చెప్పి ఆమె గ్లాసు కింద పెట్టింది.

భయం వేసినప్పుడు కొందరు మగవాళ్ళకి కోపం తప్ప ఇంకేదీ చేతకాదు. ఆ ఉద్యోగం వద్దు, మానెయ్, బండి అమ్మేస్తాను, అని మేస్త్రీ అరిచాడు. కూతురు నెమ్మదిగానే జవాబిచ్చింది. నది అవతల ఒకావిడ నడుము పడిపోయి మంచంలో ఉంది. వీపు మీద పుండు. ఒక్కరోజు కట్టు మార్చకపోతే చీము పడుతుంది. మొగుడికి చూపు ఆనదు. రేపు కూడా వెళ్ళాలి, వెళ్తాను, అంది.

"మళ్ళీ వంతెన మీద ఆగితే?"

"అది నువ్వు చెప్పాలి నాన్నా. మెకానిక్‌వి నువ్వు."

ఆ సాయంత్రం మేస్త్రీ మిగతా బళ్ళన్నీ పక్కకి తోయించి ఆ ఒక్కదాన్నే ముందేసుకున్నాడు. తొడుగు తీసి, మడత పెట్టి, గూట్లో పెట్టాడు. ట్యాంకు దించాడు. పైపు, కుళాయి, ఫిల్టరు, కాయిలు, ఒక్కో వైరు. ప్రతి భాగాన్నీ గుడ్డ మీద పరిచి చూశాడు. అన్నీ కొత్తవి, అన్నీ మెరుస్తున్నాయి, ఏ ఒక్కదాని మీదా నేరం మోపడానికి లేదు. మళ్ళీ బిగించి స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి తన చెవుల మీద తనకి అనుమానం వచ్చింది. ఏదో ఉంది, తనకి వినపడడం లేదు. రేపు పొద్దున పిల్ల మళ్ళీ ఆ వంతెన ఎక్కుతుంది.

తొడుగు సీటు మీద వేసుకుని బండిని ఇంటికి తెచ్చేసరికి భార్య మిషను దగ్గరే ఉంది. కూతురికి తన చేతనైనది ఏదో ఒకటి చెయ్యకపోతే ఆమెకి ఊపిరాడేలా లేదు. తొడుగు రెక్కకి ఒక బొత్తాం వదులైందట, వాన పడేలా ఉందట. ఇలా ఇవ్వు అని తీసుకుని, స్పాంజి ఇంకో పొర వేసి, బొత్తాలు బిగించి కుట్టి, తనే వెళ్ళి ట్యాంకుకి తొడిగి, చుట్టూ అరచేత్తో నొక్కి వచ్చింది.

పొద్దున మేస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈరోజు నేను తోలతాను, నువ్వు వెనక కూర్చో, అన్నాడు. క్లచ్ ఎలా పట్టాలో చూపిద్దామన్న ఉద్దేశం ఇంకా ఒక మూల ఉంది. ఆగితే తన చేతిలోనే ఆగాలన్న ఉద్దేశం దానికంటే పెద్దది. బండి ఇంటి ముందు నుంచే తీశారు. షెడ్డుకి వెళ్ళలేదు కనక తొడుగు తీసేవాళ్ళు లేకపోయారు.

సన్నగా తుంపర మొదలైంది. ఊరు దాటే దాకా ఆయన గేరు ఎప్పుడు మార్చాలో, వేళ్ళు ఎక్కడుండాలో చెబుతూనే ఉన్నాడు. ఆమె ఒడిలో మందుల సంచి పెట్టుకుని కూర్చుంది. వంతెన కనపడగానే మాత్రం ఆమె చెయ్యి ఆయన భుజం మీదికొచ్చి బిగిసింది. ఆ పట్టు తగిలాక ఆయన పాఠం ఆపేశాడు.

ఆ వంతెన పాతది, ఇరుకు. నడిచే వాళ్ళకంటూ దారి లేదు. మోకాలెత్తు గోడ, కింద ఎర్రనీళ్ళు. ఎదురుగా ఇసుక లారీలు, వెనక ఒక బస్సు. వంతెన సగానికి రాకముందే ఆయన చెవి నిక్కింది. ఇంజిన్ గొంతు మారింది. దాహంతో నాలుక పిడచకట్టినవాడు మాట్లాడినట్టుంది. ఆయన యాక్సిలేటర్ పెంచాడు. క్లచ్ మీద వేలు లేదు, బ్రేకు మీద కాలు లేదు, ఎక్కడా తప్పు లేదు. ఒక్కసారి ముక్కి, బండి చచ్చిపోయింది.

వెనక బస్సు హారన్ మోగింది. ఆ మోతకి మేస్త్రీకి మెదడు మొద్దుబారింది. కిక్ వెతుక్కుంటున్న కాలికి కిక్ దొరకలేదు. ఈలోగా కూతురు దూకేసింది. ఈ పని ఆమెకి అలవాటైపోయింది.

"దిగొద్దు నాన్నా. హ్యాండిల్ గోడవైపు తిప్పు. నేను తోస్తున్నా."

తోసింది. బండి గోడకి రాసుకుని ఆగింది. బస్సు అద్దం ఆయన మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది. దాని వెనక లారీ, ఇంకో లారీ. నీళ్ళు మొహాన చిమ్మాయి. పిల్ల ఇక్కడ ఇలా ఒంటరిగా ఎన్నిసార్లు నిలబడిందో ఆయన లెక్కపెట్టుకోబోయి, పెట్టుకోలేకపోయాడు.

కూతురు మాత్రం ఒక్కక్షణం ఊరుకోలేదు. ప్రతిసారీ చేసే పనే చేసింది. బొత్తాలు పటపట ఊడదీసి, రెక్క పైకెత్తి, తాళంచెవి తిప్పి, మూత తెరిచింది.

సుయ్యిమని చప్పుడైంది. బస్సు హారన్‌లోనూ లారీల రొదలోనూ అది ఎవరికి వినపడుతుంది? చెవి మేస్త్రీకి వినపడింది. బిగబట్టిన ట్యాంకు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

ఆయన వంగి ఆ రెక్కని తిరగేశాడు. లోపలి స్పాంజి మీద మూత ఆకారం గుండ్రంగా అచ్చుపడి ఉంది. నడిమధ్య, సరిగ్గా గాలి రంధ్రం ఉండే చోట, స్పాంజి మొనదేలి లోపలికి పీల్చుకుపోయింది. రెక్సిన్ చుక్క నీళ్ళని రానివ్వలేదు. గాలినీ రానివ్వలేదు. తను బాగుచేసిన ప్రతిసారీ ముందు దాన్నే తీసి పక్కన పెట్టాడు, చివర దాన్నే వేసి పంపించాడు. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జబ్బుని మడతపెట్టి గూట్లో దాచి బండిలో వెతికాడు.

"ప్రతిసారీ మూత తీసేదానివా?" అని అడిగాడు.

"పెట్రోల్ ఉందో లేదో చూడొద్దూ? తీసి, చూసి, మళ్ళీ పెట్టి కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. మొదటి రోజే చెప్పాను కదా నాన్నా."

చెప్పింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. మూత తీసి చూశాను, మళ్ళీ పెట్టి కిక్ కొడితే... అక్కడ తన చెయ్యి అడ్డం వచ్చింది. ఇంకొక్క మాట విని ఉంటే ఆ సాయంత్రమే తెలిసిపోయేది. ఏ వీధి మెకానిక్ అయినా చెప్పేసేవాడు. తండ్రి కాకుండా ఎవరైనా.

మేస్త్రీ తడిసిన గోడ మీద కూలబడ్డాడు. తుంపర మొహం మీద పడుతోంది కాబట్టి సరిపోయింది.

"తప్పు నాదే తల్లీ. నువ్వు చెప్పావు. నేను వినలేదు."

ఆమె వెంటనే ఫర్వాలేదు అనలేదు. అనకపోవడమే న్యాయం.

"చచ్చిపోయేదాన్ని నాన్నా," అంది. గొంతు పెంచలేదు. ఇన్ని రోజులూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన లేచి, గ్రీజు మరకల చేతుల్తోనే ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు. లారీలు వాళ్ళ పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, అవతల ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది, ఎక్కు, అంది. తనే ముందు కూర్చుంది. మేస్త్రీ తొడుగు ఊడదీశాడు. అలవాటు చొప్పున మడతపెట్టబోయి, మానేసి, ఉండచుట్టి చంకలో పెట్టుకుని కూతురి వెనక ఎక్కాడు. ఒక్క కిక్కుకే ఇంజిన్ అందుకుంది. వంతెన దాటే దాకా ఆయన ఇంజిన్ మాట వినలేదు. కూతురు ఎదర రోడ్డు చూస్తూ చెబుతున్న మాటలు విన్నాడు. లారీ గుద్దిన రోజున ఎంత భయం వేసిందో, ఇంటికొచ్చి చెబితే నమ్మరేమోనని దారంతా ఎలా అనుకుందో.

ఆ ఇంటి దగ్గర కూతురు లోపలికి వెళితే, ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. కిటికీ తెరిచే ఉంది. మంచం మీదావిడ మాట్లాడుతూనే ఉంది. నొప్పి గురించి మొదలుపెట్టి, పక్కింటివాళ్ళ కుక్క మీదికి వెళ్ళి, చిన్నప్పటి జ్వరం మీదికి వెళ్ళి, మళ్ళీ నొప్పి దగ్గరికొచ్చింది. మేస్త్రీ అయితే ఎప్పుడో చెయ్యి అడ్డం పెట్టేవాడు. లోపల కూతురి గొంతు అప్పుడప్పుడూ ఊఁ అంటోంది. తర్వాత ఏమైందని అడుగుతోంది. ఎటు తిరిగి పడుకుంటే నొప్పి ఎక్కువని అడుగుతోంది. ఆవిడ చెప్పగా చెప్పగా, రాత్రిళ్ళు ఎడమ మడమ కూడా మంట పుడుతోందనీ, ఇంత చిన్న సంగతి ఎందుకని ఊరుకున్నాననీ బయటపెట్టింది. కూతురు దుప్పటి తీసి చూసింది. కొత్త పుండు అప్పుడే ఎర్రగా మొదలవుతోంది. మంచిపని చేశారు చెప్పి, అంది కూతురు. మెట్ల మీద మేస్త్రీ తల వంచుకున్నాడు.

ఇంటికొచ్చాక సంగతంతా భార్యకి చెప్పక తప్పలేదు. ఆమె తొడుగుని ఒళ్ళో పెట్టుకుని, నిన్న బిగించిన కుట్ల మీద వేళ్ళు పెట్టి చూసింది. నా చేతుల్తో నేనే బిగించానే అని గొణిగింది. కుట్టమన్నది నేను, నువ్వు చెప్పిన పని చేశావు, అని మేస్త్రీ గట్టిగానే అన్నాడు. ఇంట్లో తప్పు తనదని ఆయన ఒప్పుకోవడం ఆమె చెవులకి కొత్త. కళ్ళెత్తి చూసి, కత్తెర తీసుకుని, రెక్క నడిమధ్య రూపాయి బిళ్ళంత కన్నం కత్తిరించింది. దాని మీద వాన పడకుండా చిన్న గొడుగులాంటి ముక్క కుట్టింది, కిందినుంచి గాలి ఆడేలా. ఆ బండి మళ్ళీ వంతెన మీద ఆగలేదు.

చెవి మేస్త్రీ షెడ్డులో ఇప్పుడు ఒక స్టూలు ఉంది. బండి తెచ్చినవాళ్ళు ముందు దాని మీద కూర్చోవాలి. తొడుగు ముట్టుకోడు, సంచి ముట్టుకోడు, వచ్చిన బండిని వచ్చినట్టే ఒకసారి తోలి వస్తాడు. ఆ తర్వాత ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పమంటాడు. మేస్త్రీ ముసలాడైపోయాడు, పని నత్తనడక అయిపోయింది, అని వీధిలో అనుకుంటున్నారు. నిన్న సాయంత్రం ఒకాయన తన బండి కథ బావమరిది పెళ్ళి దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. కూతురు పని ముగించుకుని అటు పోతూ షెడ్డు ముందు బండి నెమ్మది చేసి చూసింది. స్క్రూడ్రైవర్ తండ్రి ఒళ్ళో పడి ఉంది. పెళ్ళిలో భోజనాల దాకా వచ్చింది కథ. బండి ఊసు ఇంకా రాలేదు.

"ఊఁ," అంటున్నాడు మేస్త్రీ, "తర్వాత?"